ఎలుకకు పగలు నేర్పిన పది రోజులు

ఎలుకల మందు పెట్టి ఎలుకలను చంపుకునే ఇంటికి ఎలుకను కానుకగా తెచ్చేవాడు ఈ లోకంలో మా తమ్ముడు రామాంజనేయులు ఒక్కడే. మాది పట్టుపురుగుల షెడ్డు ఉన్న ఇల్లు. ఎలుక దూరిందంటే ఒక్క రాత్రిలో తట్టెడు పురుగులను మింగి పోతుంది. అది తెలిసి కూడా, బెంగళూరులో తాను కారు నడిపే పెద్దింటివాళ్లు ఢిల్లీకి మారిపోతూ వదిలేసిన ఎలుకను బోనుతో సహా బస్సులో ఒళ్లో పెట్టుకుని మోసుకొచ్చాడు.

"ఇది ఎలుక కాదక్కా, హ్యామ్‌స్టర్," అన్నాడు.

"మరి ఆ మూతి ఎవురిది? మీసాలు ఎవురివి?"

"మూతి ఎలుకదే. తోక చూడు, లేదు కదా."

"తోక తెగిన ఎలుకను తెచ్చి నాకు ఇంగ్లీషు చెప్తాండావా," అన్నాను. అప్పటికే మా అశ్విని బోను ముందు చతికిలబడి కూర్చుంది. దానికి తొమ్మిదేళ్లు, మాకు ఒక్కతే కూతురు, ఎప్పుడూ ఏదీ అడగదు. అడగని పిల్ల మొదటిసారి అడిగితే కాదనడానికి నాకు నోరు రాలేదు. సరే, ఉండనీ అన్నాను. ఇది రెండువేల ఐదో సంవత్సరం, దసరా సెలవులకు ముందు వారంలో మాట.

వేరుశనగ కాయ రంగులో ఉందని అశ్విని దానికి శెనక్కాయ అని పేరు పెట్టింది. మరుసటి రోజు తెల్లవారి చూస్తే శెనక్కాయ రంపపు పొట్టులో ముడుచుకుని పడి ఉంది. ఎనిమిదైనా లేవలేదు, తొమ్మిదైనా లేవలేదు. చచ్చిపోయిందని అశ్విని ఒకటే ఏడుపు, బడికి పోనని మొండికేసింది. నేను దగ్గరికి వంగి చూశాను. పొట్ట కదులుతోంది. చావలేదు, నిద్రపోతోంది, అంతే. పట్టపగలు నిద్రపోయేవాళ్లు మా ఇంట్లో అప్పటికే ఒకరున్నారు.

మా ఆయన లింగప్పకు హిందూపురం దగ్గర నూలు మిల్లులో ఎనిమిది నెలలుగా రాత్రి డ్యూటీ. మాది చిలమత్తూరు రోడ్డు మీద ఊరు, సాయంత్రం సైకిలెక్కి పోతే పొద్దున ఏడింటికి వస్తాడు. బోరు ఎండిపోయాక మల్బరీ తోట సగానికి సగం పోయింది, పురుగుల పంట ఒకసారి నిలిస్తే ఒకసారి నిలవదు. ఆ మిల్లు జీతమే మాకు దిక్కు. అట్లాంటిది, పోయిన నెల ఆయన మిషను దగ్గర నిలబడే కునికాడట. సూపర్వైజరు పేరు రాసుకుని, ఇంకోసారి కునికితే గేటు బయటికే అని చెప్పి పంపించాడు. ఆ మాట విన్న రోజు నుంచి నాకు అదే దిగులు.

దానికి మందు నేనే కనిపెట్టాను. నిద్ర అనేది పెంచితే పెరుగుతుంది, తుంచితే తరుగుతుంది అని మా అవ్వ అనేది. పగలంతా పడుకుంటే ఒళ్లు మొద్దుబారి రాత్రి కూడా కునుకు వస్తుందని నా లెక్క. అందుకే ఎనిమిదింటికి పడుకున్న మనిషిని పదకొండింటికి లేపేదాన్ని. "లెయ్యి, ఆకు కొయ్యాల," అంటే, "వస్తాండా," అని లేచి కొడవలి తీసుకుని పోయేవాడు. ఎప్పుడూ ఎదురు మాట లేదు. ఆ మూడు గంటలు కూడా ఇంట్లో రేడియో మోగుతుంది, పక్కింటి చిన్నక్క గడపలో కూర్చుని ఊరి సంగతులన్నీ గొంతెత్తి చెబుతుంది, నేను రోట్లో దంచుతుంటాను. ఆకలి రుచి ఎరుగదు, నిద్ర సుఖమెరుగదు అంటారు కదా, నిజంగా నిద్ర వచ్చినవాడికి ఇవన్నీ అడ్డమా అనుకునేదాన్ని.

సరే, శెనక్కాయ సంగతి. పట్టుపురుగు తన బతుకులో నాలుగుసార్లు నిద్రపోయి, ఆ తరువాత ఒంటి చుట్టూ పట్టుగూడు కట్టుకుంటుంది. నిద్రకు పోయినప్పుడు ఆకు ముట్టదు, తల పైకెత్తి కదలకుండా ఉండిపోతుంది, పాత చర్మం విడిచి లేస్తుంది. ఆ నిద్ర చెడితే పంట చెడినట్టే. అందుకే పురుగులు నిద్రకు పోయినప్పుడు మా అమ్మ నేర్పినట్టు షెడ్డు కిటికీలకు గోనెపట్టాలు దించి, వాకిలికి ఒక వేపమండ కడతాను. అది కనబడితే ఎవరూ లోపలికి రారు, ఆ దరిదాపుల్లో గట్టిగా మాట్లాడరు. దారిన పోయేవాళ్లు అడిగేది ఒక్కటే, ఎన్నో నిద్ర అని. పాతికేళ్లుగా పురుగులతో బతికినదాన్ని, నిద్ర అంటే నాకు తెలిసింది అదే.

"ఇది నిద్రకు పోయినాది పాపా. ముట్టుకోవద్దు. తిండి పెట్టొద్దు," అని అశ్వినికి చెప్పి, బోనుకు ఒక చిన్న వేపమండ కట్టాను.

పొద్దు మునిగాక అది లేచింది. బోనులో చక్రం ఒకటి ఉంది, దాన్నెక్కి తెల్లవార్లూ కిర్రు కిర్రుమని తిరిగింది. సరే, మొదటి నిద్ర అయిపోయిందనుకున్నాను. తెల్లవారి మళ్లీ పడుకుంది. రెండో నిద్ర ఇంత తొందరగా ఎట్లా వస్తుందో నాకు అర్థం కాలేదు. మూడో రోజూ అంతే. చర్మం యాడన్నా విడిచిందేమో అని రంపపు పొట్టంతా తిరగేసి వెదికాను. లేదు. నాలుగో రోజు అది అశ్విని బొంతలోంచి తీసి వేసిన దూదిని నోట్లో కరుచుకుని ఒక మూలకు చేర్చి, చుట్టూ చుట్టుకుని, మధ్యలో దూరి పడుకుంది.

ఎలుక గూడు కట్టదని నాకు తెలియదా? తెలుసు. కానీ నాలుగు నిద్రలయ్యాయి, తెల్లగా చుట్టుకుంటోంది. కళ్లముందు కనబడుతుంటే మనిషి ఏమనుకోవాలి? ఎందుకైనా మంచిదని, పురుగులు గూళ్లు కట్టుకునే వెదురు చంద్రిక ముక్క ఒకటి విరిచి బోనులో పెట్టాను.

డ్యూటీ నుంచి వచ్చిన మా ఆయన అది చూసి గోడకానుకుని నవ్వాడు. "గూడు కట్టినాక చెప్పు గంగా, ధర్మవరం పంపిచ్చి నీకు చీర నేయిస్తా," అన్నాడు. ఆ నవ్వు మధ్యలోనే కళ్లు మూతపడ్డాయి. నిలబడే నిద్రపోతాడేమో అని భుజం పట్టి కుదిపాను.

చిన్నక్కనేమో పెనుకొండ దర్గాకు పోయి తాయెత్తు కట్టించమంది. ఎలుక మెడకు తాయెత్తు కడితే ఊరు నన్ను చూసి నవ్వుతుందని, బోను పట్టుకుని అశ్వినితో హిందూపురం పశువుల డాక్టరు దగ్గరికి పోయాను. ఆయన బోనులోకి చూసి, చంద్రిక ముక్కను చూసి, నన్ను చూశాడు.

"ఏమ్మా, ఇంట్లో బర్రెలు లేవా?"

"లేవు సార్. ఇది నాలుగు నిద్రలు పోయినాది, ఇంకా పోతానే ఉండాది. ఏమి రోగమో చూడండి."

"రోగం కాదమ్మా. ఇది రాత్రి తిరిగే ప్రాణి, పగలు నిద్రపోతుంది. దాని ఒంట్లోనే అట్లా ఉంటుంది."

"పగలు మేలుకునేదానికి మందు రాయండి."

"అట్లాంటి మందు ఉండదు. దాని నిద్ర దాన్ని పోనీండి. మార్చాలని చూస్తే చిక్కిపోతుంది."

నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. "మా ఆయన మారినాడు కదా సార్. పగలు చేను చేసే మనిషి, ఇప్పుడు రాత్రి మిల్లులో చేస్తాండాడు. మనిషి మారంగా లేంది ఎలుక మారదా?"

"మారినాడా?" అన్నాడు డాక్టరు. అంతలో ఎవరో ఈనలేక అవస్థ పడుతున్న గొర్రెను తెచ్చారు, ఆయన అటు పోయాడు.

దారిలో అశ్వినికి తేల్చి చెప్పాను. ఈ చక్రం చప్పుడుకు నాకు రాత్రి నిద్ర లేదు, నాలుగింటికి లేచి పురుగులకు ఆకు వెయ్యాలి. సెలవులు పది రోజులు. సెలవులయ్యే రోజుకు మామ వస్తాడు. ఆలోగా శెనక్కాయ మనుషుల మాదిరి పగలు మేలుకుని రాత్రి పడుకుంటే ఇంట్లో ఉంటుంది, లేకుంటే మామతో వెళ్లిపోతుంది. మీ నాయన మారలేదా, ఇదీ మారుతుంది అన్నాను. అశ్విని బస్సు కిటికీలోంచి చూస్తూ చాలాసేపు ఆలోచించింది. ఇల్లు చేరాక ఒక నోటుబుక్కు తీసి గీతలు కొట్టుకుంది. ఎన్నింటికి లేచింది, ఎంత తిన్నది రోజూ రాస్తుందట. పిల్ల తెలివికి మురిసిపోయాను.

రాత్రి చక్రం తీసేశాం. తిండి పగలు మాత్రమే పెట్టాం. పదింటికి బోను అరుగు మీద ఎండపొడలో పెట్టి, నేను గరిటెతో కడ్డీల మీద టంగుటంగుమని కొడితే, అశ్విని చప్పట్లు కొట్టేది. మొదటి రోజు అది ఒక కన్ను తెరిచి, తరువాత రెండోది తెరిచి, మమ్మల్ని చూసి మళ్లీ పడుకుంది. రెండో రోజూ అంతే. మూడో రోజు లేచి కూర్చుంది. నేను గెలిచాననుకున్నాను. కానీ కూర్చుని అటూ ఇటూ ఊగుతోంది. గింజ ముందర పెడితే తీసుకుని, తినడం మరిచిపోయి, చేతిలో పట్టుకుని ఉండిపోయింది.

పగలు నిద్ర లేదు కదా, రాత్రి పడుకోవాలి కదా? పడుకోలేదు. కడ్డీలు కొరుకుతూ కూర్చుంది. అయితే ఇది ఇంక నిద్రపోయేది ఎప్పుడు? నాకు ఏమీ అంతుబట్టలేదు. పాతికేళ్లలో వేల పురుగులను నిద్రపుచ్చి లేపినదాన్ని, పిడికెడు ఎలుక దగ్గర నా తెలివి పనిచేయలేదు. ఐదో రోజు వేలితో పొడిచి లేపబోతే కసిక్కన కొరికింది. రక్తం వచ్చింది. "తిన్నింటి వాసాలు లెక్కపెట్టేదానా," అని తిట్టాను. ఏడో రోజుకు దాని మెడ దగ్గర వెంట్రుకలు రాలిపోయి చర్మం కనబడింది. అశ్విని అది నోటుబుక్కులో రాసుకుంది.

ఎనిమిదో రోజు పొద్దున మా ఆయన కుడిచేతి చూపుడు వేలుకు గుడ్డ చుట్టుకుని వచ్చాడు. ఏమైంది అంటే సైకిల్ చైనులో పడిందన్నాడు. పసుపు పెట్టి కట్టాను. అన్నం తింటూ తింటూ ముద్ద చేతిలో పట్టుకునే కూర్చున్నాడు. "తిను," అంటే ఉలిక్కిపడి తిన్నాడు. పడుకున్నాడు. పదకొండింటికి లేపాను. లేచాడు, ఆకు కోయడానికి పోయాడు.

మూడింటికి సాల్మన్ వచ్చాడు. మా ఆయనతో కలిసి సైకిల్ మీద అదే మిల్లుకు పోయే మనిషి, మంచివాడు. అన్న తోటలో ఉన్నాడంటే, "తెలుసక్కా, అందుకే ఇప్పుడొచ్చినా," అని వసారాలో నిలబడ్డాడు.

"వేలు చైనులో పడిందన్నాడు కదా నీతో. అది చైను కాదు. మిషను దగ్గర నిలబడినోడు నిలబడినట్టే నిద్రపోయినాడు, చెయ్యి లోపలికి పోతాండాది. నేను సూసి చొక్కా పట్టి ఎనక్కి లాగినా. సూపర్వైజరు వస్తే, డ్యూటీకి వచ్చే దారిలో సైకిల్ చైనులో పడిన దెబ్బ అని నేనే అబద్ధం చెప్పినా. నా మిషను అవతల ఉంటాదక్కా. రోజూ నేను చూడలేను. పని పోతే ఇంకో పని చూసుకోవచ్చు. చెయ్యి పోతే యాడ తెస్తాం?"

అతను పోయాక నాకు ఏం చేయాలో తోచలేదు. కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు. మూడు గంటలు పడుకున్నాడు కదా, కాఫీ తాగించి పంపాను కదా, ఎనిమిది నెలలైంది, ఇంకా అలవాటు కాకపోవడమేమిటి? ఇల్లంతా తిరిగి, చివరికి బోను ముందు కూర్చున్నాను. శెనక్కాయ కూర్చుని ఊగుతోంది. పక్కన అశ్విని నోటుబుక్కు ఉంది. ఇదన్నా ఏమైనా మారిందేమో చూద్దామని తెరిచాను.

పేజీకి నడిమధ్యన గీత కొట్టి ఉంది. ఒక పక్క శెనక్కాయ అని రాసి ఉంది. రెండో పక్క నాయన అని రాసి ఉంది.

మూడో రోజు. శెనక్కాయ: పదింటికి లేపినాము. కళ్లు సగం తెరిచింది. కూర్చుని ఊగింది. తిండి సగం తినింది. నాయన: పదకొండింటికి లేపినాము. కళ్లు ఎర్రగా ఉన్నాయి. మంచం మీద కూర్చుని ఊగినాడు. తిండి సగం తిన్నాడు.

ఐదో రోజు. శెనక్కాయ: లేపితే అమ్మ వేలు కొరికింది. నాయన: లేపితే వస్తాండా అన్నాడు. ఒక కాలికే చెప్పు వేసుకుని తోటకు పోయినాడు.

ఎనిమిదో రోజు. శెనక్కాయ: మెడ మీద వెంట్రుకలు లేవు. నాయన: వేలుకు గుడ్డ ఉంది. ముద్ద పట్టుకుని నిద్రపోయినాడు.

నేను ఆ పేజీలను ఎన్నిసార్లు తిప్పానో. ఒక కాలికే చెప్పు వేసుకుని పోయిన సంగతి నేను చూడలేదు. నేను ఆ రోజు కొరికిన వేలు పట్టుకుని ఎలుకను తిడుతూ కూర్చున్నాను. అది ఐదు రోజులకే కొరికింది కాబట్టి దానికి బాధగా ఉందని నాకు తెలిసింది. ఈ మనిషి ఎనిమిది నెలల్లో ఒక్కసారి కసిరి ఉన్నా నాకు తెలిసేది. నాకు ఏడుపు ఆగలేదు.

అశ్విని చిన్నక్క ఇంటి నుంచి వచ్చి, నా చేతిలో పుస్తకం చూసి భయపడింది.

"నాయన గురించి ఎందుకు రాసినావు పాపా?"

"నువ్వే కదమ్మా అన్నావు, నాయన మారినాడు కదా అని. నాయన ఎట్లా మారినాడో సూసి రాసుకుంటే, శెనక్కాయకు అట్లే నేర్పొచ్చని."

"మరి?"

అశ్విని నా ముఖంలోకి చూసి, చూపు దించుకుంది. "నాయన మారలేదమ్మా," అంది.

ఆ సాయంత్రం మా ఆయనను మిల్లుకు పోనివ్వలేదు. ఒక్క రోజుకు ఒంట్లో బాగాలేదని సాల్మన్‌తో చెప్పి పంపించాను. ఆయనకేమో రాత్రి కన్ను అంటుకోలేదు, మంచం మీద అటూ ఇటూ పొర్లుతూనే ఉన్నాడు. నేను శెనక్కాయ చక్రాన్ని తెచ్చి మళ్లీ బోనులో పెట్టాను. పెట్టేముందు ఇరుసుకు రెండు చుక్కలు ఆముదం వేశాను. కిర్రుమనే చప్పుడు పూర్తిగా పోయింది. మొదటి రోజే ఆముదం వెయ్యాలని నాకెందుకు తోచలేదో ఇప్పటికీ తెలియదు.

తెల్లవారుజామున నాలుగింటికి లేచి నేనూ అశ్వినీ రోజుకు సరిపడా ఆకు కోసుకొచ్చాం. షెడ్డులో పురుగులు మూడో నిద్ర నుంచి లేచి ఆకు తింటున్నాయి, వాటికి గోనెపట్టాలతో పని లేదు. ఆ పట్టాలు తెచ్చి మేము పడుకునే గది కిటికీలకు దించాను. రేడియోలో బ్యాటరీలు తీసేశాను. రోలును ఇంటి వెనక్కి దొర్లించాను. మా ఆయన ఇవన్నీ మంచం మీద కూర్చుని అయోమయంగా చూశాడు.

"ఏమైంది గంగా? ఎవురన్నా వస్తాండారా?"

"ఎవురూ రారు. పడుకో."

"సరే. ఆకు కొయ్యాల కదా, పదకొండింటికి లేపు."

"లేపను. నువ్వు లేచినప్పుడే లెయ్యి."

ఆయన నా ముఖం చూసి భయపడ్డాడు. "నా మీద కోపమొచ్చిందా? వేలు సంగతి సాల్మన్ చెప్పినాడా?" అన్నాడు. తల మీద చెయ్యి వేసి పడుకోబెట్టి, దుప్పటి కప్పాను. ఆ చీకట్లోనే మంచం కింద శెనక్కాయ బోను పెట్టి అశ్విని వేళ్ల మీద నడుచుకుంటూ బయటికి వచ్చింది. తలుపు దగ్గరికి వేసి, వాకిలికి వేపమండ కట్టి, గడపలో కూర్చున్నాను.

పదింటికి చిన్నక్క వచ్చింది. దూరం నుంచే వేపమండ చూసి ఆగిపోయింది. ఇంటి వాకిలికి వేపమండ అంటే అమ్మవారు పోసిందనుకుంది పాపం.

"ఎవురికి గంగా? పాపకా?"

"మెల్లగా, అక్కా. ఎవురికీ అమ్మ పోయలేదు. లోపల నిద్దర పోతాండాది."

ఆమె షెడ్డు వైపు చూసింది, మళ్లీ ఇంటి వైపు చూసింది. ఏమీ అర్థం కాక, పురుగులను ఇంట్లోకి మార్చామనుకుని, అలవాటు ప్రకారం గొంతు తగ్గించి అడిగింది.

"ఎన్నో నిద్ర?"

లోపల నుంచి మా ఆయన గురక వినబడుతోంది. ఈ ఎనిమిది నెలల్లో మా ఇంట్లో పగలు గురక విన్న గుర్తు లేదు నాకు.

"మొదటిదే," అన్నాను.